మనసు రాని రోజున మాట వినడం

కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అనే చిన్న బటను ఒకటి ఉంటుంది. దాన్ని ఒక్కసారి నొక్కితే పాట మొత్తం అర శ్రుతి పైకి లేస్తుంది. పన్నెండేళ్లు సంఘంలో కీబోర్డు వాయించినవాడిని కాబట్టి దాన్ని ఎప్పుడు నొక్కాలో నాకు బాగా తెలుసు. పల్లవి మూడోసారి తిరిగి వస్తున్నప్పుడు, డ్రమ్స్ ఒక్క క్షణం ఆగినప్పుడు, పాడేవారు కళ్లు మూసుకున్నప్పుడు నొక్కాలి. నొక్కగానే గొంతులు పైకి వెళ్తాయి, చేతులు లేస్తాయి, ముందు వరసలో ఎవరో ఒకరు ఏడుస్తారు. ఆ వెంటనే బోధకుడు ప్రార్థన మొదలుపెడితే నేను వెనక నుంచి మెత్తగా స్వరాలు పట్టి ఉంచేవాడిని. ఆయన గొంతు తగ్గితే తగ్గించేవాడిని, పెరిగితే పెంచేవాడిని. ఆరాధన ముగిశాక జనం వచ్చి "ఈ రోజు దేవుని సన్నిధి ఎంత బలంగా ఉందో" అనేవారు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ కన్నీళ్లు నటన కాదు. వాయిస్తూ వాయిస్తూ నేనూ ఎన్నోసార్లు ఏడ్చాను.

ఒక ఆదివారం కీబోర్డు అడాప్టరు కాలిపోయింది. వాద్యాలు లేకుండానే పాడాం. అవే పాటలు, అదే వాక్యం, అదే రొట్టె, అదే పాత్ర. బయటికి వస్తుంటే ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ రోజు దేవుడు రాలేదు బాబూ" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఆయన నిలకడ లేని మనిషి కాదు, నేను పుట్టక ముందు నుంచీ విశ్వాసి. ఆయనకు ఆ మాట నేర్పింది మేమే. ప్రతి ఆదివారం ఒంట్లో ఒక వెచ్చదనం పుట్టించి, దానికి దేవుని పేరు పెట్టి ఆయన చేతికిచ్చాం. ఆ వెచ్చదనం లేని రోజున దేవుడే రాలేదని ఆయన అనుకుంటే తప్పు ఎవరిది? ఇద్దరు ముగ్గురు తన నామమున కూడిన చోట వారి మధ్య ఉంటానని మాట ఇచ్చినవాడు అడాప్టరు కాలిపోయిందని మానుకుంటాడా?

నేను వాదించదలచుకున్నది ఇది: క్రైస్తవుడి విధేయతకు వేరు అతని అనుభూతిలో లేదు, అతడు ఎవరివాడు అన్న సంగతిలో ఉంది. అనుభూతి వస్తుంది, పోతుంది, కొన్నిసార్లు ఏళ్ల తరబడి రాదు. వచ్చినప్పుడు కృతజ్ఞతతో పుచ్చుకోవాలి. దాని మీద ఇల్లు మాత్రం కట్టకూడదు. కొండమీది ప్రసంగం చివర యేసు బండ మీద ఇల్లు కట్టినవాడి గురించి చెప్పినప్పుడు ఆ బండ ఏమిటో కూడా చెప్పాడు. తన మాటలు విని, వాటి చొప్పున చేయడం. విని కరిగిపోవడం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు.

మన రోజువారీ మాటల్లో ఇది ఎంత లోతుగా దిగిందో గమనించండి. క్షమాపణ అడగమంటే "ఇంకా ప్రేరేపణ కలగలేదు" అంటాం. చేసిన అప్పు తీర్చమంటే "ప్రార్థనలో పెట్టాను" అంటాం. చేయవలసిన పని బరువుగా ఉంటే "దాని గురించి నా మనసులో సమాధానం లేదు" అంటాం, సమాధానం అంటే ఇక్కడ నెమ్మది. ఎటు వెళ్లాలో వాక్యం చెప్పని చోట, రెండు మంచి దారుల మధ్య నిలబడినప్పుడు ఈ మాటలకు అర్థం ఉండవచ్చు. ఆజ్ఞ తేటగా ఉన్న చోట వీటికి చోటు లేదు. పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాట ఉండగా, ఆ పొరుగువాడి పేరుతో ఇంకో కబురు విడిగా రావాలా?

ఇక మనసులో సమాధానం సంగతి. యోనా ప్రవక్త దేవుని సముఖం నుంచి పారిపోతూ ఓడ దిగువ భాగంలో గాఢంగా నిద్రపోయాడు. పైన తుపాను, నావికులు తమతమ దేవతలకు మొరపెట్టుకుంటున్నారు, ఈయన మాత్రం హాయిగా పడుకున్నాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుకు ఆ నిద్ర లేదు. "మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అన్నాడు. చెమట రక్తబిందువుల్లా నేల మీద పడింది. సమాధానం ఉందా లేదా అన్నదే గుర్తు అయితే ఆ ఇద్దరిలో దేవుని చిత్తంలో ఉన్నది యోనాయే కావాలి. "అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్న ప్రార్థనలో ఆ "అయినను" ఒక్కటి చాలు నాకు. ఆయన ఇష్టం ఒకవైపు లాగింది, ఆయన మరోవైపు నడిచాడు. దాన్ని కపటం అని ఎవరైనా అనగలరా? మనసులో లేనిది చేస్తే కపటం కదా అని యువకులు నన్ను తరచూ అడుగుతారు. మనసులో లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే కపటం. మనసు రాకపోయినా, రాలేదని తండ్రి ముందు ఒప్పుకుని, ఆయన చెప్పినది చేయడాన్ని కపటం అంటే గెత్సేమనే ప్రార్థననే తప్పుపట్టినట్టవుతుంది.

ఈ విషయంలో తెలుగువాళ్లకు మన భాషే ఒక మేలు చేసింది. "మాట వినడం" అంటే చెవితో వినడమే కాదు, చెప్పినట్టు చేయడం కూడా. "వాడు మాట వినడు" అంటే వాడికి చెవుడు అని ఎవరూ అనుకోరు. హెబ్రీలో షామా అన్న క్రియ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. వినడానికీ లోబడటానికీ అదే మాట. సమూయేలు ప్రవక్త సౌలు రాజుతో "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము" అన్నప్పుడు, ఆ "మాట వినుట" మన నాలుక మీద ఎంత సహజంగా కూర్చుందో చూడండి. విని ఊరుకోవడం అనేది ఆ భాషలోనూ మన భాషలోనూ వినకపోవడమే.

సౌలు పేరు వచ్చింది కాబట్టి కాసేపు అతని దగ్గర ఆగుతాను. అనుభూతిని విశ్వాసానికి కొలబద్దగా పెట్టుకున్నవాళ్లు మొదటి సమూయేలు గ్రంథాన్ని నెమ్మదిగా, సౌలు మీదే కన్ను ఉంచి చదవాలని నా కోరిక. ఆ మనిషికి అనుభవాలకు కొదవ లేదు. పదో అధ్యాయంలో దేవుని ఆత్మ బలంగా అతని మీదికి వచ్చింది, ప్రవక్తల గుంపులో ప్రకటన చేశాడు. పందొమ్మిదో అధ్యాయంలో మళ్లీ అదే జరిగింది, ఇంకా తీవ్రంగా. బట్టలు తీసివేసి ఆ పగలూ రాత్రీ నేల మీద పడి ఉన్నాడు. అతడు అప్పుడు ఎక్కడికి బయలుదేరాడో గుర్తుందా? దావీదును పట్టుకుని చంపడానికి. పరవశం వచ్చింది, వెళ్లింది, చంపాలన్న పట్టుదల అలాగే మిగిలింది. ఇరవై నాలుగో అధ్యాయంలో, గుహలో చేతికి చిక్కినా దావీదు తనను చంపలేదని తెలిసినప్పుడు సౌలు బిగ్గరగా ఏడ్చాడు. నాకంటే నీవే నీతిమంతుడవని ఒప్పుకున్నాడు. అలాంటి సాక్ష్యం ఏ కూటంలో వచ్చినా సంఘమంతా లేచి నిలబడి హల్లెలూయా అంటుంది. రెండు అధ్యాయాలు దాటితే అదే సౌలు మూడువేల మందిని వెంటబెట్టుకుని అదే దావీదు కోసం అరణ్యంలో వెదుకుతున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేను అనను. నిజంగానే ఏడ్చి ఉంటాడు. ఏడ్చినంతసేపూ నిజం.

విత్తువాని ఉపమానంలో రాతినేల మీద పడిన విత్తనం గురించి కూడా ఇదే చెప్పాలి. వాక్యాన్ని వెంటనే సంతోషంతో అంగీకరించింది ఆ నేలే. మంచి నేల గురించి చెప్పిన చోట సంతోషం ప్రస్తావనే లేదు, ఫలించడం ఉంది. నా పన్నెండేళ్ల కీబోర్డు సేవలో నేను నీళ్లు పోసింది ఎక్కువగా ఏ నేలకో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలు మంచం మీద ఉన్నారు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. రాత్రి పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి ఫోనులో అలారం పెట్టుకునేవాడిని. తడిసిన దుప్పటిని మనిషి కిందనుంచి మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ఆయనను ఒక పక్కకు ఒత్తిగిలించాలి. తడిసిన దుప్పటిని పొడవుగా చుట్టుకుంటూ వీపు దాకా నెట్టాలి. ఒళ్లు తుడిచి, కొత్త దుప్పటిని ఆ చుట్టను ఆనించి పరచాలి. అప్పుడు మనిషిని ఆ ఎత్తు మీదుగా ఇటు దొర్లించి, అటువైపు వెళ్లి పాతదాన్ని లాగేయాలి. మొదట్లో ఇరవై నిమిషాలు పట్టేది. మూడో నెలకు ఆరు నిమిషాల్లో చేయగలిగాను.

ఆ రాత్రుల్లో నాకు దేవుని సన్నిధి ఏమీ తెలియలేదు. ప్రేమ కూడా తెలియలేదు. తెలిసింది నిద్ర, విసుగు, నడుము నొప్పి. ఒక రాత్రి అప్పుడే మార్చిన దుప్పటి పది నిమిషాల్లో మళ్లీ తడిసింది. నాన్నగారి భుజాన్ని అవసరానికి మించి గట్టిగా పట్టుకుని తిప్పాను. మాట రాని ఆయన నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది, దానికి క్షమాపణ అడిగాను, ఆయనను, దేవుణ్ణి.

సంఘం నుంచి చూడటానికి వచ్చిన ఒకాయన, మంచి మనసుతోనే, "కొత్త అభిషేకం కోసం అడుగు తమ్ముడూ. అది వచ్చిందంటే ఇదంతా నీకు భారం అనిపించదు" అన్నారు. నేను తల ఊపాను. ఆ రాత్రి అలారం మోగినప్పుడు కళ్లు తెరవకుండా నా లోపల వెదికాను. ఏమైనా ఉందా, కొంచెమైనా ఆసక్తి, ఒక చిన్న మంట? ఏమీ లేదు. అయినా లేచాను. దుప్పటి చుడుతూ, అసలు ఎందుకు లేచాను అని ఆలోచించాను. దొరికిన జవాబు చాలా చిన్నది. ఆయన మా నాన్న. నేను ఆయన కొడుకుని. రాత్రి రెండింటికి నా మనసు ఎలా ఉన్నా ఆ సంగతి అలాగే ఉంటుంది. కొడుకునని అనిపించడం వల్ల నేను కొడుకును కాలేదు, అనిపించకపోతే మానను కూడా. ఆయన పేరు నా పేరులో ఉంది. మిగిలిందల్లా, కొడుకు చేయవలసిన పని ఆ మంచం మీద తడిసి ఉంది.

అంతవరకు ఎన్నోసార్లు చదివిన లేఖనాలు ఆ తరువాత నాకు వేరేగా కనబడ్డాయి. యొర్దానులో యేసు బాప్తిస్మం పొంది ఒడ్డుకు వచ్చినప్పుడు "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను" అన్న శబ్దం వచ్చింది. మత్తయి సువార్తలో అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క రోగిని ముట్టలేదు. ముందు కుమారుడన్న మాట, ఆ వెంటనే అరణ్యం. అక్కడ నలభై రోజుల ఆకలి తరువాత శోధకుడైన సాతాను మొదట పట్టుకున్నది ఆ మాటనే. "నీవు దేవుని కుమారుడవైతే" అన్నాడు. ఆకలితో కడుపు కాలిపోతున్నప్పుడు, చుట్టూ రాళ్లు తప్ప ఏమీ లేనప్పుడు, ప్రియ కుమారుడన్న మాటకు ఒంట్లో ఏ రుజువు ఉంటుంది? యేసు తన లోపలికి చూసుకుని ఆ రుజువు వెదకలేదు. మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు, అందులో రాసినట్టే నిలబడ్డాడు. తండ్రి మాటే తన మాట అనుకునేవాడు కుమారుడు. అంతకు మించిన నిరూపణ ఆయన ఇవ్వలేదు.

సీనాయి కొండ దగ్గర వరుస కూడా ఇదే. పది ఆజ్ఞల్లో మొదటి వాక్యం ఆజ్ఞ కాదు. "నీ దేవుడనైన యెహోవాను నేనే" అని, ఐగుప్తు దాస్యం నుంచి నిన్ను బయటికి తెచ్చింది నేనే అని మొదలవుతుంది. ఎర్ర సముద్రం దాటించాక ఆజ్ఞలు ఇచ్చాడు. ఆజ్ఞలు పాటిస్తే దాటిస్తానని ఐగుప్తులో బేరం పెట్టలేదు. ఎఫెసీయులకు పౌలు రాసిన ఉత్తరంలో ఆరు అధ్యాయాలుంటే మొదటి మూడింటిలో మీరు ఎవరో చెప్పడమే. ఏర్పరచబడినవారు, విమోచింపబడినవారు, దేవుని ఇంటివారు. ఆ మూడు అధ్యాయాల్లో ఆజ్ఞలాంటిది ఒక్కటే, మీ పాత స్థితిని జ్ఞాపకం చేసుకోండి అని. నాలుగో అధ్యాయం "కాబట్టి" అంటూ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి నడత గురించిన మాటలు జోరున కురుస్తాయి. అబద్ధం మానండి, దొంగిలించేవాడు ఇక దొంగిలించక కష్టపడి పనిచేయాలి, ఒకరినొకరు క్షమించుకోండి. ఆ "కాబట్టి"ని తీసివేస్తే మిగిలేది ధర్మశాస్త్రపు కాడి. దాన్ని ఉంచి, మొదటి మూడు అధ్యాయాల స్థానంలో మన అనుభూతిని పెడితే మిగిలేది ఆదివారపు వెచ్చదనం, సోమవారపు చలి.

1563లో జర్మనీలోని హైడల్‌బర్గ్ నగరంలో సంఘానికి నేర్పడానికి ఒక ప్రశ్నోత్తరి తయారైంది. అందులో 129 ప్రశ్నలు. మొదటి ప్రశ్న, బ్రతుకులోనూ చావులోనూ నీకున్న ఒకే ఒక ఆదరణ ఏమిటని. జవాబు మొదలయ్యే తీరు చూడండి: నేను నా సొత్తు కాను, శరీరాత్మలతో నా నమ్మకమైన రక్షకుడు యేసుక్రీస్తు సొత్తును. ఆదరణ అంటే మనం గుండెలో కలిగే ఊరట అనుకుంటాం. వాళ్లు దాన్ని యాజమాన్యం అన్నారు. ఇంకో విశేషం, ఆ పుస్తకంలో పది ఆజ్ఞల వివరణ పాపం గురించిన మొదటి భాగంలో లేదు. మూడో భాగంలో ఉంది, ఆ భాగం శీర్షిక కృతజ్ఞత. ఆజ్ఞలను కృతజ్ఞత కింద పెట్టినవాళ్లకు, విధేయత అనేది రక్షణకు కట్టే మూల్యం కాదని ఎంత తేటగా తెలుసో!

"నేనెవరు" అన్న ప్రశ్నకు జవాబు లోపలే ఉందని ఈ కాలం మనకు ఉగ్గుపాలతో నేర్పుతోంది. నీకు ఏమనిపిస్తే అదే నువ్వు అంటుంది. సంఘం దీన్ని ఎదిరించవలసింది పోయి, అదే పాఠానికి బైబిలు మాటలు తొడిగింది. హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ బోధకుడు డీట్రిచ్ బోన్‌హోఫర్ 1944లో బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి ఈ ప్రశ్న మీద ఒక కవిత రాశాడు. చుట్టూ ఉన్నవాళ్లు అతణ్ణి చూసి, తన కోట నుంచి బయటికి వచ్చే ప్రభువులా నిబ్బరంగా నడుస్తున్నాడని అంటారు. అతనికేమో లోపల పంజరంలో పక్షిలా ఊపిరాడదు, ప్రార్థించడానికి కూడా ఓపిక లేదు. మరి నేను ఎవరిని, వాళ్లు చెప్పేవాడినా, నాకు తెలిసినవాడినా, లేక ఈ రోజు ఒకడిని, రేపు ఇంకొకడినా? అతడు ఆ చిక్కుముడిని విప్పలేదు. నేను ఎవరినైనా సరే నీకు తెలుసు దేవా, నేను నీవాడిని అని ముగించాడు. 1945 ఏప్రిల్ 9న అతణ్ణి ఉరితీశారు. ఉరికంబం దగ్గరికి నడిచింది నిబ్బరంగా ఉన్నవాడా, పంజరంలోని పక్షా అంటే, నీవాడిని అని రాసుకున్నవాడు అనే నేను జవాబిస్తాను.

బాప్తిస్మం గురించి కూడా ఇక్కడే ఒక మాట. మనం వాడుకలో "బాప్తిస్మం తీసుకున్నాను" అంటాం. బైబిలు "పొందెను" అంటుంది. ఎవరూ తనకు తాను బాప్తిస్మం ఇచ్చుకోలేడు. ఇంకొకరి చేతుల్లోకి ఒరిగి, ఇంకొకరి పేరు మీద, నీళ్లలోకి దించబడి లేపబడాలి. ఆ రోజు నాకు ఏమనిపించిందో సరిగ్గా గుర్తులేదు, నీళ్లు చల్లగా ఉన్నాయన్నది తప్ప. ఆ సంగతి ఒకప్పుడు నన్ను భయపెట్టేది. ఇప్పుడు భయం లేదు. నా జ్ఞాపకం బలహీనమైనా నా మీద ఉచ్చరించిన పేరు చెరిగిపోలేదు.

అయితే ఇదంతా బండబారిన మతం కాదా అని అడిగేవారికి నేను నిజాయితీగా జవాబు చెప్పాలి. ఆ అభ్యంతరం బలమైనదే. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్నది లేఖనమే. కీర్తనల్లో ఏడుపు, కోపం, గంతులు అన్నీ ఉన్నాయి. తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకొడుకు "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అన్నప్పుడు, ఆజ్ఞ ఎన్నడూ మీరలేదన్నప్పుడు, అతని విధేయతలో ఎంత చేదు ఉందో! నేను కోరేది ఆ విధేయత అయితే ఈ వ్యాసం చించివేయదగినదే. కానీ అతని లోపం ఎక్కడుంది? ఉత్సాహం తగ్గడంలోనా? అతడు కొడుకై ఉండి కూలివాడిలా లెక్క రాసుకున్నాడు. తండ్రి బయటికి వచ్చి అతనికి సంతోషపడే ఉపాయం చెప్పలేదు. "కుమారుడా, నీ వెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అని అతడు ఎవరో గుర్తుచేశాడు. లోపల విందు సంబరంగా సాగుతోంది, ఆ సంబరంలోకి వెళ్లే ద్వారం మాత్రం ఆ "కుమారుడా" అన్న పిలుపు.

పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా బోధకుడు జోనథన్ ఎడ్వర్డ్స్‌ను నేను గౌరవించేది కూడా ఇందుకే. 1734లో మొదలై 1735లోకి సాగిన ఉజ్జీవాన్ని నార్తాంప్టన్ అనే ఊళ్లో తన కళ్లతో చూసినవాడు ఆయన. భావాలను చిన్నచూపు చూసినవాడు కాదు, నిజమైన భక్తిలో పెద్ద భాగం పరిశుద్ధమైన ఆపేక్షలే అని వాదించాడు. అలాంటి మనిషి 1746లో ఆ ఆపేక్షల గురించే పుస్తకం రాస్తూ, భావం ఎంత ఉవ్వెత్తున లేచినా, ఒళ్లు వణికినా, దేవుని గురించి ధారాళంగా మాట్లాడగలిగినా, వాక్యాలు హఠాత్తుగా మనసులోకి వచ్చినా, అవేవీ కృపకు రుజువులు కావన్నాడు, వ్యతిరేక రుజువులు కూడా కావన్నాడు. చివరి గుర్తుగా క్రైస్తవ నడతను పెట్టి, అన్నిటికంటే ఎక్కువ పేజీలు దానికే ఇచ్చాడు. 1750లో, ప్రభురాత్రి భోజనంలో ఎవరు పాలుపొందవచ్చు అన్న తగాదాలో, ఆ ఊరి సంఘమే ఆయనను కాపరి పదవి నుంచి తొలగించింది. ఆయన ప్రసంగాలకు ఒకప్పుడు కన్నీరుమున్నీరైన ఊరే అది.

ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పిన మాట నాకు ఈ చర్చలో చివరి తీర్పు లాంటిది. మొదట ఉన్న ప్రేమను వదిలావని వాళ్ల మీద తప్పు మోపాడు. ప్రేమ చల్లారడం ఆయనకు చిన్న విషయం కాదు. మరి మందు ఏమి రాశాడు? మొదటి ఉద్వేగాన్ని తిరిగి తెచ్చుకోమన్నాడా? జ్ఞాపకం చేసుకోమన్నాడు, మారుమనస్సు పొందమన్నాడు, "ఆ మొదటి క్రియలను చేయుము" అన్నాడు. ప్రేమ పోయిన చోటికి చేతులతో తిరిగి నడవమన్నాడు. పదిమంది కుష్ఠరోగులను యాజకులకు చూపించుకోమని పంపినప్పుడు కూడా వాళ్ల చర్మం ఇంకా అలాగే ఉంది. "వారు వెళ్లుచుండగా, శుద్ధులైరి."

విధేయత గురించి ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పు చేసినవాడినవుతాను. ఈ మాటను పట్టుకుని మనుషులను అణగదొక్కినవాళ్లు సంఘాల్లో ఉన్నారు. కొట్టే భర్త దగ్గరికి తిరిగి వెళ్లి లోబడి ఉండమని ఒక సోదరికి చెప్పడం నేను స్వయంగా విన్నాను. అప్పుడు నోరు మెదపనందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. అది క్రీస్తు ఆజ్ఞ కాదు, ఆయన పేరు మీద చేసిన దౌర్జన్యం. "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్న అపొస్తలులు ఆ మాట అన్నది మతాధికారుల ముఖం మీదే. పైగా, అధికారం చలాయించాలనుకునే నాయకుడికి బాగా ఉపయోగపడేది అనుభూతే. ఏడిపించి మెత్తబరచిన జనం దేనికైనా సరే అంటారు. తాను ఎవరి సొత్తో ఎరిగిన మనిషి అంత తేలికగా లొంగడు.

ఇంకొకటి, నా మనసుకు బాగా దగ్గరైనది. దిగులు జబ్బుగా మారినవాళ్లకు, ఏ పాటకూ మనసు స్పందించనివాళ్లకు, ఈ అనుభూతి మతం ఎంత క్రూరమైనదో! ఇంగ్లీషు కీర్తనకర్త విలియం కూపర్ దేవుడు తనను శాశ్వతంగా విడిచిపెట్టాడన్న నమ్మకంతో ఏళ్ల తరబడి కుమిలి, 1800లో కన్నుమూశాడు. అతడు రాసిన పాటలతో ఇతరులు ధైర్యం తెచ్చుకున్నారు. అతని గుండె అతనికి చెప్పింది ఒకటి, అతని మీద ఉన్న పేరు మరొకటి. యోహాను "దేవుడు మన హృదయముకంటె అధికుడై" ఉన్నాడని రాసింది ఇలాంటివాళ్ల కోసమే అని నా నమ్మకం. బదరీవృక్షం కింద చచ్చిపోతానని పడుకున్న ఏలీయాను దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు లేపి తినిపించాడు, ఆ తరువాతే పని చెప్పాడు. వైద్యుడు రాసిన మందు వేళకు వేసుకోవడం కూడా కొన్ని రోజుల్లో పెద్ద విధేయతే. ఎనభై ఎనిమిదో కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న చోటే ఆగిపోతుంది, ఆ చివర ఒక్క కిరణం కూడా అతికించలేదు. దాన్ని దేవుని ప్రజల పాటల పుస్తకంలోంచి ఎవరూ తీసివేయలేదు.

నాన్నగారు పోయిన తరువాత నాకు ఒక ఆజ్ఞ మిగిలింది. ఆ పద్నాలుగు నెలల్లో అన్నయ్య రెండుసార్లే వచ్చాడు. రెండోసారి గంట కూడా ఉండలేదు. అంత్యక్రియల రోజున మేము మాట్లాడుకోలేదు, ఆ తరువాత మూడేళ్లు కూడా. క్షమించడానికి మనసు ఇమ్మని నేను చాలా ప్రార్థించాను. కీబోర్డు ముందు కూర్చుని క్షమాపణ పాటలు వాయిస్తూ ఏడ్చాను కూడా. ఇంటికి వచ్చాక అతని నంబరు చూస్తే అదే మంట. చివరికి ఒక బుధవారం సాయంత్రం, మంట ఉండగానే, నంబరు నొక్కాను. చెయ్యి వణికింది. నా గొంతు నాకే పొడిగా వినిపించింది. "ఎలా ఉన్నావు" అంటే "బాగున్నాను" అన్నాడు. పిల్లల చదువుల గురించి అడిగాను. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. ఫోను పెట్టేశాక నాకేమీ తేలిక కాలేదు.

అప్పటి నుంచి ప్రతి బుధవారం చేస్తున్నాను. పదకొండు నెలలైంది. మంట కొంచెం తగ్గింది, ఆప్యాయత మాత్రం ఇంకా రాలేదు, వస్తుందో లేదో కూడా తెలియదు. పోయిన వారం మాటల మధ్యలో అన్నయ్య ఉన్నట్టుండి, "నాన్న చివర్లో ఏమైనా అన్నారా" అని అడిగాడు. మాట పడిపోయిందని చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆయన్ను ఎలా తిప్పేవాడివి అని అడిగాడు. దుప్పటి చుట్టే పద్ధతి మొదటి నుంచీ చెప్పాను, అతడు వింటూ ఉన్నాడు. రేపు బుధవారం.